అపుత్రక ధనము: జగిత్యాల సీమ నుండి దివాను దేవిడీ వరకు

భార్యాపుత్రులు లేక గతించిన భూస్వామి యాస్తి యెవరికి చెందునను విషయము మన ధర్మశాస్త్ర గ్రంథములలో అపుత్రక ధన ప్రకరణమున చర్చింపబడినది. శాస్త్రకారులు సాధారణముగా వివాహితుడై పుత్రహీనుడైన వానినే మనసునం దుంచుకొని యీ ప్రకరణమును నడిపిరి. అచ్చటి ప్రధాన వివాదము పత్నికిని దాయాదులకును నడుమ జరుగునట్టిది. అసలు వివాహమే కాని వాని మాట వారు ప్రత్యేకముగా ఎత్తిన తావులు స్వల్పములు. కాని ఆ స్వల్పమైన మాటలను ఒకచోట చేర్చి, తెలంగాణమున తరువాతి కాలములలో నడచిన భూమి హక్కుల చరిత్రతో కలిపి చూచినచో ఒక విషయము తేటపడును. మృతునికి వారసు డెవడను ప్రశ్నకు ముందు, మృతుడు ఆ భూమిని ఏ హక్కుపై అనుభవించెనను ప్రశ్న తేలవలసి యుండెను. మొదటి ప్రశ్నకు శాస్త్రము సమాధానము చెప్పగలదు. రెండవదానికి రాజ్యమే చెప్పవలెను. ఈ రెండింటి నడుమ బంధువుల భాగ్యము ఎట్లు మారుచు వచ్చినదో చూపుట యీ వ్యాసము ఉద్దేశము.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతము ఈ చర్చకు తగిన నెలవు. 1905లో కరీంనగరు జిల్లాగా మారిన పూర్వపు ఎలగందల జిల్లాలో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలుగ నుండినవి. 2016 అక్టోబరులో అవి వేర్వేరు జిల్లాల ముఖ్య స్థానములైనవి. అంతకు ఎనిమిదితొమ్మిది శతాబ్దులకు పూర్వము ఈ సీమలో పెక్కు భాగము సబ్బినాడు. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని (1076-1126) యేలుబడి ఇచ్చట సాగెను. కాకతీయ రెండవ బేతరాజు ఆ చక్రవర్తి వలననే సబ్బి వేయి నాటిని పొందెను. జగిత్యాల చేరువనున్న పొలాస గ్రామమే పొలవాస ప్రభువుల రాజధాని యని చరిత్రకారులు గుర్తించిరి. ఆ వంశపు మేడరాజును రుద్రదేవుడు జయించిన వృత్తాంతము 1163 నాటి హనుమకొండ శాసనమున కలదు.

ఇదే విక్రమాదిత్యుని కాలమున, ఆయన రాజధాని యైన కల్యాణమునందే, విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించెను. బంగాళమును విడిచి భారతదేశమున మిక్కిలి భాగమును శతాబ్దుల తరబడి యేలిన దాయధర్మము ఈ గ్రంథమునుండి వచ్చినదే. దీనిని మనము కాశీనుండియో దక్షిణమునుండియో తెచ్చుకొన్న శాస్త్రమువలె భావించుట కలదు. అది వ్రాయబడిన రాజ్యములో పొలాస, వేములవాడ ఒక మూలనున్న ఊళ్ళు. పదుమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన దానిని విజ్ఞానేశ్వరీయము అను పేర తెనుగు పద్యములలో సంగ్రహించెను. ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండములు మూడును అందు కలవు. వ్యాకరణమును, కథాకావ్యమును రచించిన చేతితోనే కేతన ధర్మశాస్త్రమును తెలిగించుట గమనింపదగినది. ఊరి పెద్దలకు తీర్పు చెప్పుటలో ఆ తెనుగు గ్రంథమే తోడ్పడి యుండునని ఊహింప వచ్చును గాని, సాహిత్య చరిత్రలలో దానికి లభించిన చోటు మాత్రము ఒకటి రెండు వాక్యములకు మించుట అరుదు.

ఇక శాస్త్రము చెప్పు క్రమము. మొట్టమొదట గుర్తుంచుకొనవలసినది: ఈ క్రమమంతయు విభక్తుడై, మరల ఏకము కానట్టి వానికే వర్తించును. అన్నదమ్ములతో కలిసి యున్న అవివాహితుడు గతించెనేని వారసత్వమను ప్రశ్నయే పుట్టదు. అతని భాగము మిగిలిన వారి భాగములలో కరగిపోవును. జీవించి యున్నవారు పుచ్చుకొందురు. పల్లెలలో పెండ్లి కాని పెదనాయన, చిన్నాయనల పొలములు విభాగ పత్రము లేకయే అన్నదమ్ముల పిల్లల పేరనెక్కుటకు మూలమిదియే.

వేరుపడిన అవివాహితునకు పత్ని లేదు, దుహిత లేదు. ఆ రెండు మెట్లు దాటగా తల్లిదండ్రులు వత్తురు. స్మృతిలో ఇద్దరను కలిపి ఒక్క ద్వివచన పదముతో చెప్పుటచే, ముందెవరను శంక కలిగినది. విజ్ఞానేశ్వరుడు దీనిని వైయాకరణుని వలె విడదీసెను. ఆ ఏకశేష పదమును విగ్రహించునప్పుడు మాతృశబ్దమే ముందు వచ్చునని ఒక హేతువు. తండ్రి సవతి తల్లుల పుత్రులకును తండ్రియే. తల్లి మాత్రము ఈ పుత్రునకే తల్లి, కావున ఆమె సాన్నిహిత్యము అధికమని రెండవ హేతువు. ఈ రెంటిచేతను తల్లియే ముందు, తండ్రి తరువాత అని నిర్ణయించెను. బంగాళమున జీమూతవాహనుడు దాయభాగమున తండ్రిని ముందు నిలిపెను. ఒక సమాస విగ్రహముపై ఆధారపడి ఒక ముదుసలి తల్లి తన కుమారుని పొలమును నిలుపుకొనుటయో, భర్త చేతి క్రిందికి పోవుటయో జరిగినదనగా, వ్యాకరణము నిష్ప్రయోజనమను వారికి చెప్పవలసిన జవాబు ఇంతకంటె వేరొండు లేదు. ఆ రెండవ హేతువు కేవలము పాండిత్య ప్రదర్శనము కాదు. బహుభార్యాత్వ మున్న ఇండ్లలో ఏక గర్భజాతుల హక్కును అది కాపాడినది.

తల్లిదండ్రుల తరువాత సోదరులు. వారిలో ఏకోదరులు ముందు, సవతి సోదరులు తరువాత. ఆ వెనుక సోదర పుత్రులు. వారును లేనిచో గోత్రజులు: పితామహితో మొదలిడి, పితామహుడు, పినతండ్రులు, వారి సంతతి, ఇట్లు సపిండులు ఏడు తరములవరకు, సమానోదకులు పదునాలుగు తరములవరకు. ఆ పిమ్మట గాని మేనత్త, మేనమామ, పినతల్లి సంతతి యగు బంధువులకు వంతు రాదు. తోబుట్టువు పేరు ఈ క్రమములో ప్రత్యేకముగా కానరాదు. బొంబాయి ప్రాంతమున ఆమెకు గోత్రజులలో మంచి స్థానము లభించినది. దక్షిణమున బంధువుల వరుసలోనికి జారినది. ఒక యింట పుట్టి, అవివాహితుడైన అన్నకు తుదివరకు వంట చేసి పెట్టిన చెల్లెలికంటె ఆరు తరముల యావలి జ్ఞాతి ముందు నిలుచుట ఈ ధర్మములోని లోపమని చెప్పక తప్పదు.

అవివాహితులలోనే మరియొక భేదము కలదు. చదువు ముగించి గృహస్థు కావలసిన ఉపకుర్వాణ బ్రహ్మచారి ధనము పైన చెప్పిన క్రమముననే తల్లి మొదలైన వారికి పోవును. యావజ్జీవము గురుకులమున నుండ నిశ్చయించిన నైష్ఠిక బ్రహ్మచారి ధనము ఆచార్యునకు, యతి ధనము సచ్ఛిష్యునకు, వానప్రస్థుని ధనము ధర్మభ్రాతకు చెందును. అనగా పెండ్లి కాకుండుట యొక్కటియే బంధువుల హక్కును త్రుంచలేదు. ఆశ్రమమును స్వీకరించుట త్రుంచినది. వ్రతము లేక యూరకే పెండ్లాడకుండిన భూస్వామి శాస్త్ర దృష్టిలో ఇంటివాడే.

బంధువులు, గురుశిష్యులు, సహాధ్యాయులు ఎవ్వరును లేనిచో ధనము రాజునది. కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలము ఆరవ అంకమున, సముద్రమున మునిగి మరణించిన వర్తకుడు సంతానహీనుడని, అతని ధనము రాజగామి యని మంత్రి వ్రాసి పంపగా, దుష్యంతుడు అతని భార్యలలో గర్భిణి యున్నదేమో విచారింపుమనును. ఉన్నదని తెలియగా గర్భస్థ శిశువునకే ఆ ధనము విడుచును. ఆ నాటకమున భార్య హక్కు మాట రాకుండుట స్మృతుల కాల నిర్ణయము చేయువారికి ఆసక్తి కలిగించు విషయము. మనకు ప్రస్తుతమైనది వేరు: అవివాహితుని యెడల అట్టి గర్భస్థ శిశువు అవకాశము కూడ లేదు. బంధువు దొరకవలెను, లేదా రాజు పుచ్చుకొనవలెను.

రాజునకు ఒక మినహాయింపు కలదు. బ్రాహ్మణ ధనమును రాజు తీసికొనరాదు, శ్రోత్రియుల కీయవలెను. జగిత్యాల సమీపమున గోదావరీ తీరమందలి ధర్మపురి వంటి విద్వత్క్షేత్రములకు ఇది కేవలము పుస్తకములోని మాట కాదని వేరుగ చెప్పనక్కరలేదు. అయితే బ్రిటిషు పాలనలోనున్న తెలుగుదేశమున ఈ నియమము నిలువలేదు. మచిలీపట్టణము కలెక్టరు కావలి యింటివారిపై నడపిన ప్రసిద్ధ వ్యాజ్యములో 1860లో లండనులోని ప్రీవీ కౌన్సిలు, వారసులు లేని బ్రాహ్మణ భూస్వామి ఆస్తియు ప్రభుత్వమునకే చెందునని నిర్ణయించినది. శ్రోత్రియులకు శాస్త్ర మిచ్చిన హక్కు, పుచ్చుకొనువా డెవడో నిర్దిష్టముగ తేలని హక్కని త్రోసివేయబడినది.

పరదేశములలో ఇదే ప్రశ్న ఎట్లు తేలెనో ఒక్కమాట చెప్పుట అప్రస్తుతము కాదు. అమెరికాలో ఇంగ్లీషువారి తొలి వలస యగు వర్జీనియాలో ఇంగ్లీషు ధర్మమే అమలైనది. పెండ్లికాని భూస్వామి మరణశాసనము వ్రాయక గతించినచో, వాని భూమి జ్యేష్ఠ సోదరు నొక్కనికే పోయెడిది. సవతి సోదరునకు పోదు. తల్లికి గాని తండ్రికి గాని అసలే పోదు. భూమి వారసత్వము క్రిందికి దిగును గాని పైకెక్కదని వారి సూత్రము. పశువులు, పాత్రలు, ధాన్యము మొదలైన జంగమాస్తిని మాత్రము కౌంటీ న్యాయస్థానము నియమించిన పెద్దమనుష్యులు పట్టీ వ్రాసి వెలకట్టగా, అప్పులు పోను మిగిలినది సమీప బంధువులకు పంచెడివారు. ఒక్క మనిషి యాస్తి రెండు దారులు పట్టినదన్నమాట. స్వాతంత్ర్యానంతరము 1785లో చేసిన చట్టముచే ఆ రాష్ట్రము జ్యేష్ఠత్వమును తొలగించి తల్లిదండ్రులను, సోదరులను, సోదరీమణులను కూడ వారసులలో చేర్చెను. తల్లిని మొదట నిలిపిన మన విజ్ఞానేశ్వరునకును ఆ చట్టమునకును నడుమ సుమారు ఏడు శతాబ్దులు.

నిజాము రాజ్యమున శాస్త్రము మారలేదు. భూమి స్వరూపము మారినది. హిందువునకు మితాక్షర, మహమ్మదీయునకు వారి శాఖ ననుసరించిన షరా. కాని ఖాల్సా భూమిపై పట్టా వేరు, ఇనాము వేరు, పటేలు పట్వారీల వతను వేరు, జాగీరు వేరు. పట్టాదారు మరణించినచో పట్వారీ ఫౌతీ తెలిపి, విరాసతు విచారణ జరిగి, కొత్త పేరు లెక్కల కెక్కెడిది. ఈ పదములు రెండును నేటికిని తెలంగాణపు రైతుల నోట నున్నవి. పట్టా భూమి విషయమున దాయధర్మము దాదాపు యథాతథముగ నడచినదనవచ్చును. జగిత్యాల తాలూకాలోని కోరుట్ల చేతి కాగితమునకు పేరుపొందిన ఊరు. అచ్చటి ముతక కాగితమును పట్వారులు లెక్క పుస్తకములకు వాడెడివారని పాత గెజిటీరులు తెలుపుచున్నవి. ఈ సీమలో చనిపోయినవాని పేరు కొట్టివేసి బ్రతికినవాని పేరు వ్రాసినది పెక్కుసారులు ఈ సీమ కాగితము మీదనే.

ఇనాము, జాగీరుల మాట వేరు. ఇవి రాజానుగ్రహమున వచ్చినవి. జాగీరుదారునకు భూమిపై గల హక్కు దాని రాబడిని అనుభవించు హక్కు మాత్రమే. అతడు గతింపగానే ఆ హక్కు సిద్ధాంతరీత్యా ప్రభువును చేరును. ప్రభువు విచారణ జరిపించి తిరిగి యీయవలెను. తిరిగి యిచ్చునపుడు ఒకని పేర సనదు, తక్కిన వారసులకు రాబడిలో హిస్సాలు, మరికొందరికి పోషణార్థము గుజారాలు ఏర్పడెడివి. హిస్సేదారులు, గుజారాయాబులు అను తరగతులు ఇట్లు వచ్చినవే. కొడుకు లున్నచోట ఈ విచారణ నామమాత్రము కావచ్చును. పెండ్లికాని జాగీరుదారుడు గతించినచోట మాత్రము, శాస్త్రము చూపు బంధువు వారసుడగునా, లేక అనుగ్రహమే అంతమగునా అను ప్రశ్న నిజముగ పుట్టెడిది. తెలంగాణ చరిత్రలో ఈ ప్రశ్న అతి పెద్ద ప్రమాణమున పుట్టినది 1949లో.

మూడవ సాలార్ జంగు నవాబు మీర్ యూసఫ్ అలీఖాను 1889 జూను 13న జన్మించెను. కొలది వారములకే తండ్రి, రెండవ సాలార్ జంగు మీర్ లాయఖ్ అలీఖాను, మరణించెను. తాత మొదటి సాలార్ జంగు మీర్ తురాబ్ అలీఖాను 1853 నుండి 1883 వరకు నిజాము రాజ్యమునకు దివానుగా నుండి దాని రెవిన్యూ పద్ధతులను పునర్నిర్మించిన వాడు. మనుమడు 1912 నుండి 1914 వరకు మాత్రమే ఆ పదవిలో నుండెను. తరువాతి ముప్పదియైదేండ్లు చిత్రములు, శిల్పములు, వ్రాతప్రతులు, గడియారములు, పింగాణి సేకరించుటలో గడపెను. తాత రోము నగరమున కొన్న ముసుగు రెబెకా శిల్పము వంటివి వంశమున ముందే యుండినవి. మనుమడు దానిని మహాసంచయముగ పెంచెను. అందులకు కావలసిన ధనము జాగీరునుండి వచ్చినది. కోస్గి, కొప్పళ, అజంతా మొదలైన ప్రదేశములలో చెదరియున్న ఆ యెస్టేటు విస్తీర్ణము సుమారు 1,486 చదరపు మైళ్ళు. ఆ చిత్రములకు మూలధనము అచ్చటి రైతులు కట్టిన పన్నులన్న సంగతి సంగ్రహాలయ వర్ణనలలో సాధారణముగా కానరాదు.

ఆయన వివాహమాడలేదు. 1949 మార్చి 2న గతించెను. అప్పటికి హైదరాబాదు భారత సైన్యము వశమై ఆరు మాసములు కూడ నిండలేదు. ప్రభుత్వము ఒక ఆర్డినెన్సు ద్వారా సాలార్ జంగు ఎస్టేటు కమిటీ నేర్పరచి ఆస్తిని దాని యధీనమున నుంచెను. ఆస్తి యెవరిదో తేలులోపల చెదరిపోకుండ కాపాడుట దాని పని. వర్జీనియా న్యాయస్థానము పట్టీ వ్రాయించినట్లే ఇచ్చటను వస్తువుల లెక్క వ్రాయవలసి వచ్చినది. కాని ఇచ్చట లెక్కింపవలసినవి పదుల వేలు.

ఇంతలో కథ మలుపు తిరిగినది. అదే సంవత్సరము ఆగస్టు 15న, 1358 ఫసలీ జాగీర్ల రద్దు శాసనము అమలులోనికి వచ్చినది. మృతుని ఆస్తిలో పెద్దభాగము అయిదున్నర మాసములలో భూమి రూపమును కోల్పోయి, తరువాతి యేడు చేసిన నిబంధనల ప్రకారము చెల్లింపవలసిన పరిహార ధనముగా మారినది. బంధువులు వారసులమని చెప్పుకొనుటకు వచ్చునప్పటికి వారికి జాగీరు లేదు, జాగీరు వెలలో కొంత మాత్రము కలదు. మృతుని సొంత యాస్తి, అనగా హైదరాబాదు న్యాయస్థానముల భాషలో మత్రూకా, అందు దివాను దేవిడీయు, అందలి సంచయమును, వేరుగా నిలిచినవి. ఇవి ప్రభువు అనుగ్రహమున వచ్చినవి కావు. వీనిపై షరా నడచును.

సాలార్ జంగు వంశీయులు ఇస్నా అషరీ షియాలు. ఆ శాఖ దాయక్రమము మితాక్షరకే కాదు, సున్నీ ధర్మమునకును భిన్నము. అందు వారసులు మూడు తరగతులు. మొదటిది తల్లిదండ్రులు, సంతానము. రెండవది తాతలు, అవ్వలు, సోదరులు, సోదరీమణులు, వారి సంతతి. మూడవది తండ్రివైపు, తల్లివైపు పినతండ్రులు, మేనమామలు, మేనత్తలు, పినతల్లులు, వారి సంతతి. ముందు తరగతిలో ఒక్కరున్నను తరువాతి తరగతికి రాదు. సున్నీ ధర్మమున పురుష సంబంధమున వచ్చిన జ్ఞాతికి విశేష ప్రాధాన్యము కలదు. షియా ధర్మము స్త్రీ ద్వారా వచ్చిన బంధువును త్రోసివేయదు. మూడవ తరగతిలో ఇరువైపుల వారును కలరేని తండ్రివైపు వారికి మూడింట రెండు పాళ్ళు, తల్లివైపు వారికి మూడింట ఒక పాలు. భార్య, సంతానము, తల్లిదండ్రులు లేని మనుష్యుని యాస్తి విషయమున ఈ క్రమము సహజముగ హక్కుదారుల సంఖ్యను పెంచును. పాళ్ళను శాస్త్రము చెప్పును, భిన్నములు వ్రాయుట సులభము. ఒక చిత్రమును పది భిన్నములుగా చీల్చుట ఎట్లు? అమ్మి పంచవలెను. అమ్మినచో సంచయము సంచయము కాదు.

అమ్మకము జరుగలేదు. 1951 డిసెంబరు 16న జవహర్లాల్ నెహ్రూ దివాను దేవిడీలోనే ఆ సంచయమును సంగ్రహాలయముగా ప్రారంభించెను. హక్కు ఇంకను తేలకమునుపే అది ప్రజల కన్నులబడినది. నా యభిప్రాయమున ఈ వ్యవహారములో నిర్ణయాత్మకమైన అడుగు ఇదియే. న్యాయస్థానపు తీర్పు తరువాతి విషయము. ఏడెనిమిదేండ్లు జనులు చూచిన దానిని మరల గదులలో పెట్టి వేలము వేయుట ఏ వారసునకును సులభము కాదు. 1958 వరకు ఎస్టేటు కమిటీయే దానిని నిర్వహించినది. తుదకు వారసులు సంచయమును భారత ప్రభుత్వమునకు విడుచుట కంగీకరింపగా, ఆ రాజీపత్రము ననుసరించి 1959 మార్చి 5న ఉన్నత న్యాయస్థానము డిక్రీ యిచ్చినది. 1961లో పార్లమెంటు 26వ చట్టముచే సంగ్రహాలయమును, గ్రంథాలయమును జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా ప్రకటించి, రాష్ట్ర గవర్నరు అధ్యక్షతన ధర్మకర్తల మండలి నేర్పరచినది. 1968లో సంచయము మూసీ తీరమందలి కొత్త భవనమునకు మారినది.

కొందరు దీనిని ప్రాచీన రాజగామి సూత్రమునకు నూతన రూపమని చెప్పుదురు. అట్లు చెప్పుట సరికాదు. రాజగామి యనునది బంధువు లేనప్పుడు వర్తించును. ఇచ్చట బంధువులు ఉండిరి, వారి హక్కు గుర్తింపబడినది, వారు దానిని విడిచిరి. విడుచుటకు ముందు హక్కుండుట ఆవశ్యకము. జాగీరు విషయమున మాత్రము ఆ మాట కొంత చెల్లును; కాని అచ్చట రాజ్యము పుచ్చుకొన్నది అపుత్రకుని భూమి యని కాదు. కుమారులున్న జాగీరుదారుల భూములును ఆ దినముననే పోయినవి.

ఇదే కాలమున జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలలో పట్టా భూములపై మితాక్షర క్రమమే నడచుచుండెను. సోదరిని గోత్రజ క్రమమున పితామహుని తరువాత నిలుపుచు 1929లో వచ్చిన చట్టము బ్రిటిషిండియాది. అది తనంత తాను నిజాము రాజ్యమునకు వర్తింపలేదు. 1956 జూనులో అమలులోనికి వచ్చిన హిందూ వారసత్వ చట్టము, అవివాహితుని తల్లిని మొదటి తరగతి వారసులలో నిలిపి, తండ్రిని రెండవ తరగతికి మార్చెను. తల్లి ముందని విజ్ఞానేశ్వరుడు చేసిన నిర్ణయము ఇట్లు చట్టమునందును నిలిచినది. అందులోనే సోదరుని ప్రక్కన, అదే వరుసలో, సమాన భాగముతో సోదరియు చేరినది. మృతుని షియా బంధువులలో స్త్రీ ద్వారా వచ్చిన వారికి మొదటినుండియు నున్న హక్కు వంటిది జగిత్యాల పట్టాదారుని చెల్లెలికి వచ్చినది ఆ జూనులో.